గిటార్ ఆంప్ చిటపటమంటోందా? ట్యూబ్ మార్చే ముందు ఇది వినండి



ఈ వారం టేబుల్ మీద ఫోను లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఒక ట్యూబ్ గిటార్ ఆంప్ ఉంది, దాని పక్కన ఒక పాత షూ డబ్బా ఉంది. డబ్బాలో ఐదు గాజు ట్యూబులున్నాయి. పాడైపోయాయనుకుని నేను పీకేసినవి. ఐదుకి ఐదూ బాగానే ఉన్నాయి. వాటి బదులు కొత్తవి తెప్పించుకోవడానికి నేను పెట్టిన ఖర్చు పదకొండు వేలు. చివరికి అసలు రిపేరుకి అయిన ఖర్చు మూడు వందలు. ఆ మూడు వందల రిపేరు జరుగుతుంటే నేను పెద్ద షాక్ తినాల్సిన వాణ్ని. ఒక పెద్దాయన నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి ఇవాళ మీ ముందు నవ్వుతూ మాట్లాడుతున్నాను.

సో, ఆ కథ చెప్తాను. దాంతోపాటు మూడు విషయాలు చెప్తాను. ట్యూబ్ నిజంగా పోయిందో లేదో ఎలా కనుక్కోవాలి, పోతే మీరే ఎలా మార్చుకోవాలి, ఎక్కడ చెయ్యి ఆపి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కాబట్టి దాంతోనే మొదలుపెడదాం.

ముందు ఒక గీత గీసుకుందాం

ట్యూబ్ ఆంప్ లోపల 300 నుంచి 500 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. మన ఇంట్లో ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ. అంటే గోడలో ఉన్నదానికన్నా ఆంప్‌లోనే ఎక్కువ. ఇంకో విషయం ఏంటంటే, ప్లగ్ తీసేశాక కూడా అది లోపల ఉండొచ్చు. ఫిల్టర్ కెపాసిటర్లని కొన్ని ఉంటాయి. అవి నీళ్ల ట్యాంకు లాంటివి. మోటారు ఆపేసినంత మాత్రాన ట్యాంకు ఖాళీ అయిపోదు కదా.

అందుకే గీత ఇది. చాలా ఆంప్‌లలో వెనక ప్యానెల్ తీస్తే ట్యూబులు కనిపిస్తాయి, చేతికందుతాయి. అక్కడి వరకు మీ పని. ట్యూబులు గుచ్చుకుని ఉన్న ఇనప డబ్బా ఉంటుంది, దాన్ని ఛాసిస్ అంటారు. దాని లోపల వైర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటాయి. అది మీ పని కాదు. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూశాను కదా అని దాన్ని తెరవొద్దు. నేను తెరిచాను, అందుకే చెప్తున్నాను.

అసలు ట్యూబ్ అంటే ఏంటి?

మీ తాతగారింట్లో వాల్వు రేడియో ఉండేదేమో ఒకసారి అడగండి. నాబ్ తిప్పగానే పలికేది కాదు. ఒక అర నిమిషం వెచ్చబడి, డయల్ వెనక లైటు వెలిగి, అప్పుడు మెల్లగా గొంతు వచ్చేది. ఆ వాల్వే ఈ ట్యూబ్. 1904లో ఇంగ్లండ్‌లో ఫ్లెమింగ్ మొదటి డయోడ్ వాల్వ్ చేశాడు. తర్వాత రెండేళ్లకి అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడో భాగం కలిపాడు. అక్కడి నుంచి సిగ్నల్‌ని పెద్దది చెయ్యడం మొదలైంది.

పని సింపుల్. గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల సన్నటి ఫిలమెంట్ ఎర్రగా వేడెక్కుతుంది, దాన్ని హీటర్ అంటారు. ఆ వేడికి పక్కనున్న క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటకు దూకుతాయి. అటుపక్క ప్లేట్ మీద వందల వోల్టులు ఉంటాయి కాబట్టి అవి అటు పరిగెడతాయి. మధ్యలో గ్రిడ్ అని ఒక జల్లెడ. మీ గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ ఆ జల్లెడ మీదికి వెళ్తుంది. కుళాయి ఊహించుకోండి. పైన ట్యాంకు ప్రెషర్ బోలెడు, మీరు మాత్రం వేలితో కుళాయి తిప్పుతారు. వేలి కదలిక చిన్నదే, నీళ్లు మాత్రం ధారగా వస్తాయి. ఆ వేలు మీ గిటార్ సిగ్నల్.

మరి ట్రాన్సిస్టర్లు, చిప్పులు వచ్చాక కూడా గిటార్ వాళ్లు దీన్ని ఎందుకు వదల్లేదు? గట్టిగా వాయించినప్పుడు ట్యూబ్ సౌండ్‌ని కత్తిరించినట్టు కాకుండా మెల్లమెల్లగా ఒత్తుతుంది. ఆ ఒత్తిడిలోనే రాక్ గిటార్ గొంతు పుట్టింది. ఇప్పుడు మన ఫోన్ యాప్‌లలో, పెడల్స్‌లో వచ్చే ఆంప్ సౌండ్లు చాలావరకు దీన్ని అనుకరించేవే.

ఏ ట్యూబ్ ఏ పని చేస్తుంది?

ఆంప్ వెనక చూస్తే చిన్నవి కొన్ని, కాస్త పెద్దవి కొన్ని కనిపిస్తాయి. చిన్నవి ప్రీఆంప్ ట్యూబులు. ఎక్కువగా కనిపించే పేరు 12ఏఎక్స్7. యూరప్ పేరు ఈసీసీ83. రెండూ ఒకటే, షాపులో కంగారు పడకండి. గిటార్ జాక్‌కి దగ్గరగా ఉన్నదాన్ని వీ1 అంటారు. తర్వాత వీ2, వీ3. ప్రీఆంప్‌లో చివరిది సాధారణంగా ఫేజ్ ఇన్వర్టర్. అది సిగ్నల్‌ని రెండు పాయలు చేసి పవర్ ట్యూబులకి ఇస్తుంది.

పెద్దవి పవర్ ట్యూబులు. స్పీకర్‌ని కదిలించే బలం వీటిది. ఈఎల్84, ఈఎల్34, 6ఎల్6, 6వీ6, ఈ నాలుగు పేర్లు తెలిస్తే చాలా ఆంప్‌లు కవర్ అయిపోతాయి. పెద్ద ఫెండర్లు అనగానే 6ఎల్6, మార్షల్ అనగానే ఈఎల్34, వాక్స్ ఏసీ30 అనగానే నాలుగు ఈఎల్84లు గుర్తొస్తాయి. కొన్ని ఆంప్‌లలో ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ కూడా ట్యూబే.

ఏవి ముందు అరుగుతాయి? పవర్ ట్యూబులు. వారానికి రెండు మూడు రోజులు గట్టిగా వాయిస్తే ఏడాది, రెండేళ్లలో నీరసపడతాయి. ప్రీఆంప్ ట్యూబులు ఏళ్ల తరబడి ఉంటాయి. బాగా పనిచేస్తున్న ప్రీఆంప్ ట్యూబ్‌ని "పాతదైపోయింది కదా" అని మార్చనక్కర్లేదు.

నా కథ, మొదటి సగం

ఈ ఆంప్ నాది 15 వాట్ల కాంబో. మూడు 12ఏఎక్స్7లు, రెండు ఈఎల్84లు. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకన్న కెనడా వెళ్లిపోతూ అమ్మేస్తే కొనుక్కున్నాను. ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురం కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నాం. మా డ్రమ్మర్ వాళ్ల చెల్లి పెళ్లి రిసెప్షన్‌లో వాయిస్తామని మాటిచ్చేశాం. ఇంకా నాలుగు వారాలు టైముంది.

ప్రాక్టీస్‌లో ఒకరోజు ఇరవై నిమిషాలయ్యాక చిటపట, చిటపట. వేడి నూనెలో పోపు వేసినట్టు. తర్వాత సౌండ్ ఉన్నట్టుండి సగానికి పడిపోయింది. ఆంప్ నెత్తిమీద అరచేత్తో ఒక్కటిచ్చాను. తిరిగొచ్చింది. చిన్నప్పుడు టీవీని కొట్టిన అలవాటు ఊరికే పోదు కదా.

ఆ దెబ్బలోనే జవాబుంది. కొడితే బాగవుతోందంటే ఎక్కడో కనెక్షన్ వదులుగా ఉందని అర్థం. నాకది తట్టలేదు. నెట్‌లో వెతికితే "చిటపట అంటే ట్యూబ్ పోయినట్టే" అని కనబడింది. ఐదు ట్యూబులూ ఆర్డర్ పెట్టేశాను. షిప్పింగ్, కస్టమ్స్ అన్నీ కలిపి పదకొండు వేలు. రాగానే ఐదూ ఒకేసారి మార్చేశాను. రెండు రోజులు సూపర్. మూడో రోజు ప్రాక్టీస్‌లో, మళ్లీ అదే ఇరవయ్యో నిమిషంలో, అదే చిటపట.

నేను ఆఫీసులో జూనియర్లకి చెప్పిన మొదటి పాఠం ఏంటో తెలుసా? బగ్ వెతికేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చెయ్యి. ఐదు మార్పులు ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో నీకెప్పటికీ తెలీదు. సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం నేనే మర్చిపోయాను.

సరే, నేను అప్పుడు ఎలా చెయ్యాల్సిందో ఇప్పుడు వరసగా చెప్తాను.

మొదటి మెట్టు: తప్పు ట్యూబ్‌ది కాకపోవచ్చు

ముందు కేబుల్ మార్చండి. తర్వాత గిటార్ మార్చండి. పెడల్స్ అన్నీ తీసేసి గిటార్‌ని నేరుగా ఆంప్‌కి పెట్టండి. కేబుల్ మొత్తం పీకేసినా శబ్దం వస్తోందంటే అప్పుడు ఆంప్‌ని అనుమానించండి. స్పీకర్ వైరు గట్టిగా కూర్చుందో లేదో చూడండి. ఇంకోటి గుర్తుంచుకోండి. స్పీకర్ కనెక్ట్ చెయ్యకుండా ట్యూబ్ ఆంప్‌ని ఎప్పుడూ వాయించొద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అది ట్యూబులకన్నా చాలా ఖరీదు.

అమెరికా నుంచి బావో, అన్నయ్యో తెచ్చిన ఆంప్ అయితే వెనక ఏ వోల్టేజీ అని రాసుందో చూడండి. 120 అని ఉంటే మన 230లో నేరుగా పెట్టకూడదు. సరిపడా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

రెండో మెట్టు: కళ్లతో చూడండి

లైటు ఆర్పేసి, ఆంప్ ఆన్ చేసి, వెనక నుంచి చూడండి. ముట్టుకోకుండా చూడటమే.

ప్రతి ట్యూబ్‌లో చిన్న నారింజ రంగు వెలుగు కనపడాలి. ఒకదాంట్లో అసలు లేదంటే హీటర్ తెగిపోయి ఉండొచ్చు, లేదా సాకెట్‌లో సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు.

గాజు పైభాగంలో లోపలివైపు అద్దంలా వెండి మచ్చ ఉంటుంది. దాన్ని గెట్టర్ అంటారు. లోపల మిగిలిన కాస్త గాలినీ పీల్చుకోవడం దాని పని. అది పాలలాగా తెల్లబడిపోయిందంటే గాజు ఎక్కడో పగిలి గాలి దూరింది. ఆ ట్యూబ్ పని అయిపోయినట్టే.

పవర్ ట్యూబ్ గాజు మీద నీలం కాంతి కనిపిస్తే భయపడొద్దు, చాలా ట్యూబుల్లో అది మామూలే. కానీ లోపలున్న బూడిద రంగు ప్లేటే కొలిమిలో ఇనుములా ఎర్రబడుతుంటే వెంటనే ఆఫ్ చెయ్యండి. పాట అయ్యేదాకా ఆగుదామనుకోవద్దు. దీన్ని రెడ్ ప్లేటింగ్ అంటారు. ట్యూబ్ తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పోతోందని అర్థం.

మూడో మెట్టు: పుల్లతో తట్టండి

చైనీస్ రెస్టారెంట్‌లో ఇచ్చే చెక్క చాప్‌స్టిక్ ఒకటి దాచుకోండి. ఐస్‌క్రీం పుల్లయినా పర్లేదు. స్క్రూడ్రైవర్ వద్దు. వాల్యూమ్ కొంచెం పెంచి, ప్రీఆంప్ ట్యూబుల్ని ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. కాస్త టక్‌మని వినిపించడం మామూలే, అందులోనూ వీ1 కొంచెం ఎక్కువ పలుకుతుంది. కానీ ఒకటి గంట కొట్టినట్టు మోగినా, కీచుమన్నా, చిటపటలాడినా దాని మీద అనుమానం పెట్టుకోవచ్చు. లోపలి భాగాలు వదులైతే ట్యూబ్ మైకులా పనిచేస్తుంది. మైక్రోఫోనిక్ అయిందంటారు.

నాలుగో మెట్టు: ఒక్కటే మార్చండి

ట్యూబ్ ఆంప్ ఉన్నవాళ్లు ఒక మంచి 12ఏఎక్స్7 స్పేర్‌గా ఉంచుకోండి. అదే మీ టెస్ట్ మెషీన్. ఆంప్ ఆఫ్ చేసి, వీ1 తీసి స్పేర్ పెట్టండి. వినండి. సమస్య అలాగే ఉంటే పాతది తిరిగి పెట్టేసి వీ2 దగ్గరికి వెళ్లండి. ఇలా ఒక్కొక్కటే.

స్పేర్ లేకపోతే ఇంకో దారి ఉంది. ఆఫ్ చేసి వీ1 తీసేసి, అది లేకుండానే ఆన్ చెయ్యండి. గిటార్ వినపడదు, అది సరే. శబ్దం ఆగిపోయిందా? అయితే తప్పు వీ1 దగ్గరో, దాని ముందో ఉంది. ఇంకా వస్తోందా? అయితే తర్వాత ఎక్కడో ఉంది. కోడింగ్ చేసేవాళ్లకి ఇది తెలిసిన పద్ధతే. ప్రోగ్రామ్‌ని ముక్కలు చేసి ఏ ముక్కలో బగ్ ఉందో పట్టుకోవడం.

పవర్ ట్యూబ్ ఒకటి ఎర్రబడుతుంటే, ఆఫ్ చేసి పూర్తిగా చల్లారాక ఆ రెండిటి స్థానాలు మార్చి, కొద్ది సెకన్లు మాత్రం చూడండి. ఎరుపు ట్యూబ్‌తోపాటు పక్కకి వెళ్తే ట్యూబ్ తప్పు. అదే సాకెట్‌లో ఉండిపోతే లోపలి సర్క్యూట్ తప్పు. రెండోదైతే మెకానిక్ దగ్గరికే.

ఫ్యూజ్ సంగతి

ఆంప్ అసలు ఆన్ కాకపోతే ముందు ఫ్యూజ్ చూడండి. పోతే వెనక రాసున్న విలువదే, అదే రకందే వెయ్యండి. చాలా ఆంప్‌లకి స్లో బ్లో రకం కావాలి, దాని మీద టీ అక్షరం ఉంటుంది. సిగరెట్ డబ్బా కాగితం చుట్టడం, రాగి తీగ కట్టడం, ఈ ప్రయోగాలు వద్దు. ఫ్యూజ్ పోయిందంటే అది మీకేదో చెప్తోంది.

కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోయిందా? పవర్ ట్యూబులు రెండూ తీసేసి, ఇంకో ఫ్యూజ్ వేసి ఆన్ చేసి చూడండి. ఈసారి నిలబడితే ఆ ట్యూబుల్లో ఒకటి లోపల షార్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. మళ్లీ పోతే లోపలి సమస్య. అక్కడ ఆగిపోండి.

మార్చే పద్ధతి

ఒకటి. ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, అరగంట వదిలెయ్యండి. పవర్ ట్యూబ్ వేడికి వేలు బొబ్బలెక్కుతుంది.

రెండు. తీసే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఏది ఎక్కడుందో తర్వాత గుర్తుండదు.

మూడు. కొన్ని ప్రీఆంప్ ట్యూబుల మీద రేకు తొడుగు ఉంటుంది. కిందికి నొక్కి కొంచెం తిప్పితే వచ్చేస్తుంది. ఈఎల్84ల మీద స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది, దాన్ని పక్కకి తియ్యండి.

నాలుగు. ట్యూబ్‌ని కిందికంటా పట్టుకుని, కొద్దిగా అటూ ఇటూ ఊపుతూ నేరుగా బయటికి లాగండి. బల్బు తిప్పినట్టు తిప్పితే పిన్నులు వంగిపోతాయి.

ఐదు. 12ఏఎక్స్7కీ, ఈఎల్84కీ తొమ్మిది పిన్నులు. వాటి మధ్య ఒకచోట ఖాళీ ఎక్కువ. సాకెట్‌లోనూ ఆ ఖాళీ ఉంటుంది. రెండూ కలిపి చూసుకుని గుచ్చండి. ఈఎల్34, 6ఎల్6 లాంటి పెద్దవాటికి మధ్యలో ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది, దాని మీద చిన్న గట్టు. అది కుదిరితేనే లోపలికి పోతుంది. బలవంతం చెయ్యాల్సి వస్తోందంటే తప్పుగా పెడుతున్నారని అర్థం.

పవర్ ట్యూబులైతే ఇంకో రెండు మాటలు

పవర్ ట్యూబులు జంటగా పనిచేస్తాయి కాబట్టి జంటగానే మార్చాలి. ఒకేలా కరెంటు లాగే రెండిటిని కొలిచి కలిపి అమ్ముతారు, మ్యాచ్డ్ పెయిర్ అని అడగండి.

రెండోది బయాస్. బండి ఆగి ఉన్నప్పుడు ఐడ్లింగ్ ఉంటుంది కదా, అలాంటిదే. ఎవరూ వాయించనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంటు పోతూ ఉండాలి అనేది. క్యాథోడ్ బయాస్ ఆంప్‌లు దాన్ని తమంతట తామే సర్దుకుంటాయి. అదే రకం జంట కొని పెట్టేస్తే సరిపోతుంది. ఫిక్స్‌డ్ బయాస్ అయితే మార్చిన తర్వాత కొలిచి సెట్ చెయ్యాలి. పేరులో ఫిక్స్‌డ్ అని ఉన్నా సెట్ చెయ్యాల్సింది ఇదే, తమాషా కదా. మీది ఏ రకమో మాన్యువల్‌లో ఉంటుంది.

లెక్క చూడండి. ఈఎల్34 ప్లేట్ తట్టుకునే పవర్ 25 వాట్లు. అందులో 70 శాతం దాటకూడదని మెకానిక్‌లు పెట్టుకునే హద్దు. అంటే 17.5 వాట్లు. ప్లేట్ మీద 450 వోల్టులుంటే, 17.5ని 450తో భాగిస్తే దాదాపు 39 మిల్లీ ఆంపియర్లు. అంతకన్నా ఎక్కువైతే ట్యూబ్ త్వరగా పోతుంది, మరీ తక్కువైతే సౌండ్ పొడిగా, గరుకుగా ఉంటుంది. లెక్క ఇంటర్ ఫిజిక్సే. కానీ ఆ 450 వోల్టుల దగ్గర మీటర్ పెట్టేది మాత్రం పని తెలిసిన మనిషే అయ్యుండాలి.

నా కథ, రెండో సగం

రిసెప్షన్‌కి ఇంకా పది రోజులు. మా జామ్ రూమ్ ఓనర్ చెప్పాడు, కోఠి గుజరాతీ గల్లీ దగ్గర ఒక చాచా ఉన్నాడు, వాల్వు రేడియోల కాలం మనిషి, తీసుకెళ్లు అని. ఆటోలో ఆంప్‌ని ఒళ్లో పెట్టుకుని వెళ్లాను.

చాచా కౌంటర్ వెనక అరలో పాత వాల్వుల పెట్టెలు. ఒకదాని మీద బీఈఎల్, ఈఎల్84 అని ఉంది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒకప్పుడు మన దేశంలోనే ఇవి తయారుచేసేవాళ్లు. నేను కస్టమ్స్ కట్టి తెప్పించుకున్న ట్యూబ్ రకమే. అది చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

చాచా ఆంప్ ఆన్ చేసి ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యలేదు. వేరే ఎవరిదో రేడియో చూసుకుంటూ కూర్చున్నాడు. చిటపట మొదలవ్వగానే పుల్ల తీశాడు. ఒక్కొక్కటి తట్టాడు. వీ2ని గుడ్డతో పట్టుకుని పక్కకి కొంచెం వంచితే సౌండ్ పడిపోయింది. ఆఫ్ చేసి, వీ1నీ వీ2నీ అటుదిటు మార్చి, మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ వీ2 స్థానంలోనే పడిపోయింది.

"చూసినవా బేటా, మనిషిని మార్చినం, రోగం పోలే. అంటే రోగం మనిషిల లేదు, కుర్చీల ఉన్నది" అన్నాడు.

కుర్చీ అంటే సాకెట్. లోపలి రేకులు వదులైపోయి, మసి పట్టి, వేడెక్కగానే ట్యూబ్ పిన్నుని వదిలేస్తున్నాయి. నేను కొత్త ట్యూబులు గుచ్చినప్పుడు పిన్నులు రాసుకుని మసి కొంచెం పోయింది. అందుకే రెండు రోజులు బాగుంది. పాతవే తీసి మళ్లీ పెట్టినా ఆ రెండు రోజులు బాగుండేది! పదకొండు వేలు మిగిలేవి.

చాచా ఆంప్‌ని స్టాండ్‌బైలో పెట్టి, ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, ఛాసిస్ బయటికి తీసి తిరగేశాడు. ఈలోగా చాయ్ వచ్చింది. ఆయన గ్లాసు అందుకుంటున్నాడు. నేను వంగి, "ఇదేనా చాచా వీ2 సాకెట్?" అని వేలు లోపలికి పెట్టబోయాను.

చాయ్ సగం ఒలికిపోయింది. నా మణికట్టు ఆయన చేతిలో ఉంది.

"ప్లగ్గు తీసినం చాచా" అన్నాను.

"తీసినవ్. కరెంటుకు ఆ సంగతి ఎవరు చెప్పిన్రు?"

మీటర్ తీసి, నల్ల వైరు ఛాసిస్‌కి క్లిప్ చేసి, ఎర్ర వైరు కెపాసిటర్ దగ్గర పెట్టాడు. 270 వోల్టులు. ప్లగ్ తీసి నాలుగైదు నిమిషాలైంది. ముందు స్టాండ్‌బైలో పెట్టడం వల్ల ఆ చార్జ్ ట్యూబుల గుండా బయటికి పోలేదు. ఖాళీ చేసే రెసిస్టర్ ఆ ఆంప్‌లో లేదు. చూడటానికి శవంలా పడుంది, లోపల మాత్రం బతికే ఉంది.

అప్పుడు గమనించాను. మీటర్ పెట్టినంతసేపూ ఆయన ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. రెండు చేతులూ లోపల ఉంటే కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుంది. ఒక్క చెయ్యే ఉంటే ఆ దారి మూసుకుంటుంది. వాల్వుల కాలం నుంచి చేతికి అలవాటైపోయిన పద్ధతి అది. కుడి చూపుడు వేలి మీద తెల్లటి మచ్చ చూపించి, "ఈ అలవాటు కాకముందుది" అన్నాడు, అంతే.

తర్వాత ఒక రెసిస్టర్‌ని క్లిప్‌లతో కెపాసిటర్‌కి, ఛాసిస్‌కి మధ్య తగిలించి కాసేపు వదిలేశాడు. మళ్లీ కొలిచాడు. దాదాపు సున్నా. అప్పుడు సూదితో సాకెట్ రేకులు దగ్గరికి నొక్కి, శుభ్రం చేసి, ఒక పిన్నుకి మళ్లీ సోల్డర్ వేశాడు. పాత ట్యూబులు ఐదూ తిరిగి పెట్టించి రెండు గంటలు నడిపించాడు. ఒక్క చిట కూడా లేదు. మూడు వందలు తీసుకున్నాడు. ఒలికిన చాయ్ డబ్బులిస్తానంటే తీసుకోలేదు.

స్టేజీ మీద

రిసెప్షన్ రోజు హాల్‌కి రెండు గంటలు ముందు వెళ్లాను. ఇంతకుముందైతే ప్లగ్ పెట్టి వాయించేసేవాణ్ని. ఈసారి సాకెట్ టెస్టర్ తీసుకెళ్లాను. మూడు లైట్లున్న చిన్న ప్లగ్, ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. స్టేజీ దగ్గర ఇచ్చిన బోర్డులో పెడితే ఎర్త్ లేదని చూపించింది.

ఎర్త్ లేకపోతే ఏమవుతుంది? మీ గిటార్ తీగలు ఆంప్ ఛాసిస్‌కి కలిసి ఉంటాయి. ఆంప్‌లో ఏదైనా లీకేజీ ఉంటే అది మీ వేళ్ల దాకా వస్తుంది. పాడటానికి మైక్ దగ్గర మూతి పెట్టారనుకోండి, ఆ మైక్ ఇంకో ఎర్త్‌కి కలిసి ఉంటే సర్క్యూట్ మీ ఒంట్లోంచి పూర్తవుతుంది. అందుకే ఆంప్ ప్లగ్గుకున్న మూడో పిన్ను విరిచేసి టూ పిన్‌లో పెట్టడం లాంటి పనులు చెయ్యకండి.

ఎలక్ట్రీషియన్ అన్నకి చూపిస్తే, "అన్ని ఫంక్షన్లకీ ఇదే ఇస్తాం" అన్నాడు. అన్నా, కొంచెం చూడండి అని బతిమాలితే వేరే లైన్ నుంచి వైరు లాగి ఇచ్చాడు. మళ్లీ టెస్టర్ పెట్టి చూశాను, ఓకే అంది. ఆ రోజు ఆరు పాటలు వాయించాం. ఆంప్ కిక్కురుమనలేదు, అంటే చిటపటమనలేదు.

చివరగా

ఇవాళ కొత్త ట్యూబులు తయారుచేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో కొన్నే మిగిలాయి, ముఖ్యంగా రష్యా, స్లొవేకియా, చైనాల్లో. 2022లో రష్యా ఎగుమతుల మీద అనుమానాలొచ్చేసరికి గిటార్ వాళ్లందరూ కంగారుపడిపోయారు. కాబట్టి బాగున్న ట్యూబ్‌ని పారెయ్యకండి. తీసినవాటి మీద తేదీ, ఏ స్థానంలో తీశారో చీటీ రాసి డబ్బాలో పెట్టుకోండి. నా షూ డబ్బాలో ఇప్పుడున్నది అదే. పాత ఐదూ ఫుల్ స్పేర్ సెట్. పదకొండు వేలకి నేను కొనుక్కున్న ఓదార్పు అనుకోండి.

మొత్తం ఒక్కసారి గుర్తుచేసుకుందాం. కేబుల్ ముందు, ట్యూబ్ తర్వాత. ఒకసారికి ఒక్క మార్పు. బాగైందనిపిస్తే పాతది తిరిగి పెట్టి నిజంగా అదేనా అని చూసుకోండి. రోగం ట్యూబ్‌తో వెళ్తోందా, సాకెట్‌లో ఉండిపోతోందా గమనించండి. ఛాసిస్ లోపలికి మాత్రం చెయ్యి పెట్టకండి. మీ ఊళ్లో కూడా పాత రేడియో మెకానిక్ ఒకరు ఎక్కడో ఉండే ఉంటారు. వెతకండి, ఆంప్ తీసుకెళ్లండి, కూర్చుని చూడండి. చేతులు మాత్రం జేబులో పెట్టుకుని చూడండి.

ఎపిసోడ్ నచ్చితే మీ బ్యాండ్ గ్రూపులో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా వాయిస్తూ ఉండండి, జాగ్రత్తగా ఉండండి. బై.